ప్యానెల్ మీద గీతలు వాటంతటవే పడుతున్నాయా?

ప్రశ్న: మా ప్రభుత్వ పాఠశాలలో డిజిటల్ ప్యానెల్ పెట్టారు. శిక్షణలో చూపించినవి సగం మరిచిపోయాను. రాస్తుంటే పిచ్చిగీతలు పడతాయి. పెన్‌డ్రైవ్‌లో వీడియోకు శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లెక్కల టీచర్

జవాబు: ముందు గీతల సంగతి చూద్దాం. చాలా ప్యానెళ్లలో తెర అంచు చట్రం నుంచి పరారుణ కిరణాలు వెళ్తుంటాయి. వాటికి ఏది అడ్డొచ్చినా ప్యానెల్ దాన్ని వేలే అనుకుంటుంది. అరచేయి, చీర కొంగు, చట్రంలో పేరుకున్న సుద్దపొడి, ఏదైనా సరే. పవర్ ఆపి, నాలుగంచులూ పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, నీళ్లు చల్లొద్దు. పక్కనే సుద్దబోర్డు ఉంటే ఈ పని వారం వారం తప్పదు.

బొమ్మ రాకపోవడానికి ఎక్కువగా కారణం హెచ్.265 వీడియో. ఇది వీడియోను కుదించే ఒక పద్ధతి, కొన్ని ప్యానెళ్లు దీన్ని చదవలేవు. కంప్యూటర్లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత పద్ధతి హెచ్.264లోకి, ఎంపీ4 ఫైలుగా మార్చండి. 720పీ స్పష్టత చాలు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ (ఫైళ్లు దాచే పద్ధతి) ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

ఇక నేర్చుకోవడం. అన్నీ ఒకేసారి వద్దు. మొదటి వారం పెన్ను, రబ్బరు, కొత్త పేజీ, సేవ్. అంతే. బడి అయ్యాక ఖాళీ గదిలో రేపటి పాఠాన్నే రాసి చూడండి. కోణమానిని, వృత్తలేఖిని తర్వాతి వారం. ప్రభుత్వ డిజిటల్ పాఠాల యాప్ దీక్షలోని పాఠాలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే బళ్లో నెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.