మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగమంటే ఎందుకంత సంకోచం?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ఆహార వ్యర్థాలు, నూనె జిడ్డు నుంచి బయోగ్యాస్ తీసే పనిలో చేరతానంటోంది. దానికి బదులు పునరుత్పాదక ఇంధనంలో పీజీ చేయించడం మేలు కాదా?

జవాబు: ఈ ప్రశ్న నన్ను ఎందరో తల్లిదండ్రులు అడిగారు. అడిగేది కోర్సు గురించే అయినా, లోపలున్న బెంగ మాత్రం కూతురు మురుగు దగ్గర పనిచేస్తోందని నలుగురికీ ఎలా చెప్పుకోవాలన్నదే. అమ్మాయికి లేని నామోషీని మీరు అంటగట్టడం తప్పని ముందే చెబుతున్నాను.

ఆ పని ఎంత సున్నితమైనదో చూడండి. డైజెస్టర్ అనే గాలి చొరబడని ట్యాంకులో సుమారు 35 డిగ్రీల వేడి దగ్గర సూక్ష్మజీవులు మురుగు నుంచి వేరుచేసిన బురదను కుళ్లబెడితే బయోగ్యాస్ వస్తుంది; అందులో మండేది మీథేన్. బరువుకు బరువు చూస్తే కొవ్వు నుంచి వచ్చే మీథేన్ పిండిపదార్థాల నుంచి వచ్చేదానికి రెట్టింపు పైనే ఉంటుంది కనుక, జిడ్డు కలిపితే గ్యాస్ బాగా పెరుగుతుంది. అయితే అదే జిడ్డు ఒక్కసారిగా ఎక్కువ పడితే కొవ్వు ఆమ్లాలు ఆ జీవులను అణచివేస్తాయి, నురగ పొంగుతుంది, డైజెస్టర్ పులిసిపోతుంది, తిరిగి కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. అందుకే నమూనా తీసి, ఆమ్లాలకూ, వాటిని తట్టుకునే క్షారతకూ ఉన్న నిష్పత్తి క్షేమమైన 0.2 దగ్గరే ఉందా, ప్రమాదకరమైన 0.4 వైపు పోతోందా అని చూసి, జిడ్డు ట్యాంకర్‌ను లోపలికి రానివ్వాలో గేటు దగ్గరే ఆపాలో నిర్ణయించే మనిషి అక్కడ ఉండాలి. అమెరికాలోని ఓక్లాండ్‌లో ఈస్ట్ బే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ వారి శుద్ధి కేంద్రం ఇలా బయటి వ్యర్థాలు కలుపుకుంటూనే, 2012 నాటికి తన అవసరాన్ని మించిన విద్యుత్తు తయారుచేసే స్థాయికి చేరింది.

ఇక మీరు చెప్పిన పీజీ సంగతి. పేరు ఆకర్షణీయంగా ఉన్న ఇలాంటి కోర్సులపై నాకు మొదటి నుంచీ అనుమానమే. సౌరం, పవనం, జీవ ఇంధనం అన్నీ తలా కొంచెం చెప్పి, దేనిలోనూ చేయి తిరగనివ్వకుండా పంపించే కోర్సులు వాటిలో చాలా ఉన్నాయి. శుద్ధి కేంద్రాలకు కావలసింది కెమికల్, సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్లు, మైక్రోబయాలజీ తెలిసినవారు. మీ అమ్మాయి ఇప్పటికే ఆ దారిలో ఉంది. గ్యాస్ వ్యాపారం లాభనష్టాలు ఇంధన ధరలను బట్టి మారుతుంటాయి గానీ, మురుగు శుద్ధి చేయక తప్పదు కాబట్టి, ఆమె నేర్చుకున్నది వృథా పోదు.

మీరు నిజంగా ఆరా తీయవలసింది అక్కడి వాసన గురించి కాదు, మురుగు నుంచి వెలువడే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు విషయంలో ఆ కేంద్రం ఎలాంటి శిక్షణ, ఏ పరికరాలు ఇస్తుందన్నది. వచ్చే సెలవుల్లో అమ్మాయితో కలిసి ఒక కేంద్రానికి వెళ్లి అడిగి రండి. అది చూశాక కూడా పీజీ చేస్తానని తనే అంటే, ఆ కళాశాల ల్యాబ్‌లో విద్యార్థులు స్వయంగా నడిపే డైజెస్టర్ ఉందో లేదో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.