పార్కింగ్‌లో బైక్ పోయింది, కెమెరాలు పెడదామంటే పై పోర్షన్ వాళ్ళు వద్దంటున్నారు, ఓనర్‌గా నాకు హక్కు లేదా?

గేటు దగ్గర, పార్కింగ్‌లో, మెట్ల మొదట్లో పెట్టుకోవచ్చండి. పోర్షన్ లోపల, గుమ్మానికి ఎదురుగా, వాళ్ళు బట్టలారేసుకునే వైపు మాత్రం వద్దు, అద్దెకిచ్చాక ఆ తలుపు వెనకున్న ఇల్లు వాళ్ళది. ఉప్పల్ దగ్గర మాకూ జీ ప్లస్ టూ ఉంది, కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం, బైకుల్లో పెట్రోల్ పోతోందని, ఒకసారైతే బోరు మోటార్ కేబుల్ కూడా కోసుకుపోయారని కెమెరాలు పెట్టించాం.

ముందు వాళ్ళు ఎందుకు వద్దంటున్నారో కూర్చుని అడగండి. మా ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ కూడా మొదట ఒప్పుకోలేదు. ఫిట్టింగ్‌కి వచ్చినబ్బాయి మెట్ల మలుపులో డోమ్ కెమెరా బిగించాడు, ఫోన్‌లో చూస్తే సగం మెట్లు, సగం ఆవిడ గుమ్మం, తలుపు తీసుంటే హాల్లో దివాన్ కాట్ దాటి వంటగట్టు దాకా కనిపిస్తోంది. ఆవిడ్ని పిలిచి ఫోన్ చేతికిచ్చి "ఎక్కడిదాకా ఉంటే మీకు ఇబ్బంది లేదో మీరే చెప్పండి ఆంటీ" అన్నాను, ఆవిడ చెప్తుంటే ఆ అబ్బాయి తిప్పుకుంటూ వచ్చాడు, చివరికి కింది ల్యాండింగ్ వైపు మళ్ళించాం, అయినా తలుపు అంచు కొంచెం పడుతుంటే డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బా) సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, దాంతో ఆ ముక్క మీద నల్లడబ్బా వేయించాం, రికార్డింగ్‌లో కూడా అక్కడేం కనిపించదు. గేటు కెమెరా కూడా అంతే, పొద్దున్నే ఆడవాళ్ళు నైటీలో వాకిలి ఊడ్చి ముగ్గేస్తారు కదా, అది రోజూ రికార్డవుతుందంటే ఎవరికైనా ఇబ్బందే. అందుకే మాది లోపల స్లాబ్ కింద ఉంటుంది, లోపలికి అడుగు పెట్టినవాళ్ళ మొహం పడుతుంది, వాకిలి గేటు రేకు అవతలే ఉండిపోతుంది.

చట్టం సంగతికొస్తే, ఆడవాళ్ళు స్నానం చేయడం, బట్టలు మార్చుకోవడం లాంటి ఏకాంత సమయంలో ఉన్నప్పుడు చూసినా రికార్డు చేసినా బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 77 కింద మొదటిసారే 1 నుంచి 3 ఏళ్ళు జైలు. అన్నదమ్ములు కలిసుండే ఇంట్లో కూడా మిగతావాళ్ళు ఒప్పుకోకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పు జోలికి పోలేదు. సొంత అన్నదమ్ములకే అలా అంటే అద్దెకిచ్చిన పోర్షన్ సంగతి వేరే చెప్పాలా.

మైక్ ఉన్న కెమెరా అయితే ఆడియో ఆపేయించండి, మెట్ల మీద వాళ్ళు ఏం మాట్లాడుకుంటే మనకెందుకు. ఎవరింటికి ఎవరొచ్చారు, పై పోర్షన్ అమ్మాయిలు ఎన్నింటికి వచ్చారు అని కూర్చుని చూసే ఓనర్లున్నారు, అది చాలా తప్పండి, నాకైతే వింటేనే ఒళ్ళు మండుతుంది. ఏదైనా పోతేనే తీసి చూస్తామని, అదీ వాళ్ళ ముందే చూస్తామని చెప్పండి, 11 నెలల అగ్రిమెంట్‌లో కెమెరాలు ఎక్కడున్నాయో ఒక లైన్ రాయించండి. ఫిట్టింగ్ అయిపోయాక డీవీఆర్ పాస్‌వర్డ్ మీరే మార్చండి, ఆ అబ్బాయి ఫోన్‌లో యాప్ లాగిన్ ఉంటే మీ ముందే తీసేయించండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

హార్డ్ డిస్క్ దగ్గర చాలామంది 1 టీబీ చాలంటారు. రికార్డింగ్ క్వాలిటీ (బిట్‌రేట్) 2 ఎంబీపీఎస్ పెడితే ఒక్కో కెమెరా రోజుకి 21 జీబీ పైనే తింటుంది, నాలుగు కెమెరాలకి 1 టీబీ 11 రోజుల్లో నిండి పాతది చెరిగిపోతుంది, సంక్రాంతికి ఊరెళ్ళి అట్నుంచి ఇంకో చుట్టాలింటికి వెళ్ళొచ్చేసరికి దొంగ పడ్డ రోజు ఉండదు. ఒకేసారి వందమంది, ఆపైన వచ్చే చోట్లకి 2013లో ఉమ్మడి ఏపీలో తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం 30 రోజుల ఫుటేజ్ ఉంచమంటుంది, మన ఇళ్ళకి కూడా అదే లెక్క పెట్టుకోండి. వీడియోని ఎక్కువ కుదించే హెచ్.265 సెట్టింగ్‌లో 1 ఎంబీపీఎస్‌కి తగ్గించి 2 టీబీ వేయిస్తే నెల దాటి వస్తుంది. కెమెరా తెల్లగోడకి మరీ దగ్గరగా వద్దు, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగు గోడకి కొట్టుకుని మొహాలు కనిపించవు.

వాళ్ళ గుమ్మం దగ్గర వాళ్ళే డోర్‌బెల్ కెమెరా పెట్టుకుంటామంటే ఒప్పుకోండి, ఎదురు పోర్షన్ తలుపు పడకూడదని చెప్పండి, డ్రిల్ వేసేముందు గోడలో కరెంటు పైపు ఎటు పోతుందో దగ్గరుండి చూపించండి.