గ్రాఫీన్ ఆక్సైడ్ ఉండగా ఫ్యాక్టరీలు ఇంకా సున్నమే ఎందుకు వాడుతున్నాయి?

మీ ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో గ్రాఫీన్ ఆక్సైడ్ (గ్రాఫైట్ నుంచి చేసే, లోహాలను పట్టుకునే పలచటి కార్బన్ రేకుల పొడి) వేస్తే నీళ్లలోని సీసం దాదాపు అంతా పోయింది, మరి ఫ్యాక్టరీలకు ఏమైంది అని అడిగారు. ఎమ్మెస్సీలో నేనూ ఈ పొడి చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో లోహపు పూత వేసే ఒక ప్లేటింగ్ యూనిట్‌లో ఈటీపీ, అంటే మురుగు నీళ్లు శుద్ధిచేసే ప్లాంట్, చూస్తున్నాను. పొడి పనిచేస్తుంది, అందులో డౌట్ లేదు. దాన్ని మళ్లీ నీళ్లలోంచి బయటికి తీయడం దగ్గరే అసలు తంటా.

ముందు మీ పీహెచ్ ఎంతో చూసుకోండి. 6 దాటి పైకి వెళ్లేకొద్దీ సీసం దానంతటదే హైడ్రాక్సైడ్‌గా అడుక్కి దిగడం మొదలవుతుంది, ఆ క్రెడిట్ కూడా మీ పొడి ఖాతాలో పడిపోతుంది. పొడి వెయ్యకుండా అదే పీహెచ్‌లో ఒక బ్లాంక్ పెట్టండి. అలాగని పీహెచ్ మరీ కిందికి దించితే హైడ్రోజన్ అయాన్లు ముందే ఎక్కి పొడి మీది సీట్లకి కర్చీఫ్‌లు వేసేస్తాయి, సీసానికి చోటుండదు. ఆరు వేలెన్సీ క్రోమియం మాత్రం రివర్స్: అది రుణావేశమున్న క్రోమేట్ కాబట్టి ఆమ్లంలోనే పొడికి బాగా అంటుకుంటుంది.

మా ట్యాంకులోకి వచ్చేది డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన లెడ్ నైట్రేట్ కాదు కదా. క్రోమియం, నికెల్, నూనె, బోరు నీళ్ల కాల్షియం అన్నీ కలిసొస్తాయి, అన్నీ ఆ పొడి మీదే కూర్చుంటాయి. మేమైతే పీహెచ్ 2-3కి దించి మెటాబైసల్ఫైట్ వేస్తాం, ఆరు వేలెన్సీ క్రోమియం మూడు వేలెన్సీకి మారి పసుపు నీళ్లు కళ్లముందే ఆకుపచ్చకి తిరుగుతాయి, తర్వాత సున్నం వేసి 8-9కి తెస్తే ముద్దలా కిందికి దిగుతుంది, ఫిల్టర్ ప్రెస్‌లో కేక్ చేసి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కి పంపేస్తాం. గ్రాఫీన్ ఆక్సైడ్ అంత బుద్ధిగా దిగదు. ఉప్పులు తగిలి కొంత గడ్డకట్టినా, సన్నటి ముక్కలు పట్టుకున్న లోహంతో సహా ఫిల్టర్ దాటిపోతాయి, దాటనివి జిగురులా పట్టేసి ఫిల్టర్‌నే మూసేస్తాయి.

పైగా తయారీ! ఈ పొడిని మామూలుగా చేసే హమ్మర్స్ పద్ధతంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్, పర్మాంగనేట్, ఐసు, ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా తెమలని ఆ బంక. కడిగిన నీళ్ల నిండా ఆసిడ్, మాంగనీస్. దానికి ఇంకో ఈటీపీ కావాలి.

అయినా దీనికి చోటుంది, అది సున్నం తర్వాత. ఆరు వేలెన్సీ క్రోమియం బయటికి వదలాలంటే లీటరుకి 0.1 మిల్లీగ్రామ్ దాటకూడదు, అలాంటి చివరి కొసరు పట్టుకోవడానికి పనికొస్తుంది. పొడిగా కాకుండా గుళికలుగానో, మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్) కలిపి అయస్కాంతంతో లాగేలాగానో చేయండి. పక్కన మామూలు యాక్టివేటెడ్ కార్బన్‌తో కూడా అదే టెస్ట్ చేసి ధరతో సహా పోల్చండి. వీలైతే ఏదైనా ప్లేటింగ్ యూనిట్‌ని అడిగి ఒక క్యాన్ అసలు నీళ్లు తెచ్చుకోండి. పొడిని ఆసిడ్‌తో కడిగి మళ్లీ వాడతామని రాస్తే మాత్రం, లోహమంతా దిగిన ఆ ఆసిడ్‌ని ఏం చేస్తారో కూడా రాయండి, వైవాలో మొదట అడిగేది అదే.