హరికేన్ నెమ్మదిగా వస్తోందంటే

"హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చామండీ. హరికేన్ వస్తోందని టీవీలో ఒకటే గోల. కేటగిరీ ఒకటే అంటున్నారు కదా, కంగారు పడాలా?"

జూన్ మొదలైందంటే నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లలో కోస్తా జిల్లాల వాళ్లే ఎక్కువ. హరికేన్ అంటే తుపానే, అది వాళ్లకు కొత్తేమీ కాదు, విశాఖలో హుద్‌హుద్‌ను కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. అందుకే ముందు గాలి ఎంతో అడుగుతారు. నేనైతే అది గంటకు ఎన్ని మైళ్లు కదులుతోందో చూసుకోమంటాను.

కేటగిరీ అన్నది గాలి వేగానికి ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే అంకె. వాన ఎంత పడుతుందో, ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో ఆ అంకెలో ఉండదు. చకచకా పోయే తుపాను ఒక పూటలో మనల్ని దాటేస్తుంది. మనిషి నడకంత నెమ్మదిగా కదిలేది, లేదా ఒక్కచోటే తిష్ఠ వేసేది, సముద్రపు తేమను లాక్కుంటూ రోజుల తరబడి నెత్తిన కుమ్మరిస్తుంది. 2017లో హార్వీ హరికేన్ సరిగ్గా ఇదే చేసింది. ఆగస్టు 25 శుక్రవారం రాత్రి టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్ దగ్గర కేటగిరీ 4గా తీరం దాటింది. రాక్‌పోర్ట్ మనకు దగ్గరేమీ కాదు. శనివారానికి అది బలహీనపడి ట్రాపికల్ స్టార్మ్ (హరికేన్ కంటే ఒక మెట్టు కింద) అయింది, సాయంత్రం హ్యూస్టన్‌లో వాన తెరిపిచ్చింది. ఇంతేనా అనుకున్నారు జనం. అసలు వాన ఆ రాత్రి మొదలై మంగళవారం దాకా వదల్లేదు. హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న నీడర్‌లాండ్‌లో 60 అంగుళాలు దాటింది. హైదరాబాద్‌లో దాదాపు రెండేళ్లకు పడే వాన అన్నమాట! కాబట్టి "బలహీనపడింది" అని టీవీలో చెప్పగానే సర్దిన సామాను విప్పకండి.

ఇక అందరినీ పీడించే ప్రశ్న: ఉండాలా, వెళ్లిపోవాలా? ఇక్కడివాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. నీళ్లొస్తాయంటే ఊరు వదలాలి, గాలి అంటే ఇంట్లో దాక్కోవాలి. గాల్వెస్టన్, తీరం పక్క ఊళ్లకు జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ప్రకారం ఖాళీ చేయాల్సిన జోన్లు ఉన్నాయి. మీ జిప్ అందులో ఉండి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు వెళ్లమంటే, ఆ మాట విన్న పూటే బయల్దేరండి. అందులో లేకపోతే మాత్రం పక్కింటివాళ్లు బయల్దేరారని మీరూ హైవే ఎక్కకండి. 2005లో రీటా వస్తోందని 25 లక్షల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఎండలో, గంటల తరబడి కదలని ట్రాఫిక్‌లో, ఆ ప్రయాణంలోనే వందమందికి పైగా చనిపోయారు. వెళ్లాలనుకుంటే అందరికంటే ఒక రోజు ముందే, పగటిపూట, డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో తెలిసినవాళ్లింటికి వెళ్లిపోవడం మేలు. అమ్మానాన్నలు ఇక్కడుంటే, ఇంట్లో పసిపిల్లలుంటే, ఇన్సులిన్ వాడేవాళ్లుంటే నేనైతే ఆలోచించకుండా పంపించేస్తాను. నీళ్లు రాకపోయినా కరెంటు పోతుంది. 2024 జులైలో బెరిల్ కేటగిరీ 1గానే వచ్చింది. 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు. హ్యూస్టన్ జులైలో ఏసీ లేని చెక్క ఇల్లు ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు.

పెద్దవాళ్లు "మేం చూడని తుపానా" అంటారు. నిజమే, కానీ వాళ్లు చూసింది స్లాబు ఇంట్లోంచి. ఇక్కడ గోడలు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం షీట్లు. అడుగు నీళ్లు వచ్చి పోయినా ఆ షీట్లు పైకంటా పీల్చుకుంటాయి, ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అప్పుడు కింద నాలుగడుగుల మేర గోడలు కోసి పారేయాల్సిందే.

ఇన్సూరెన్స్ సంగతి తుపాను పేరు వినక ముందే తేల్చుకోవాలి. ఇంటి ఇన్సూరెన్స్‌లోగానీ, అద్దెకున్నవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లోగానీ వరద ఉండదు, దానికి పాలసీ వేరే. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ మామూలుగా కొన్న 30 రోజులకుగానీ అమల్లోకి రాదు. అద్దెకున్నవాళ్లు కూడా సామాన్ల వరకు తీసుకోవచ్చు, లక్ష డాలర్ల దాకా. "మాది ఫ్లడ్ జోన్ కాదు" అని ధీమాగా ఉండకండి. హార్వీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా మ్యాపులో ఫ్లడ్ జోన్ బయటున్నవే. కారుకు కాంప్రహెన్సివ్ కవరేజి ఉంటేనే వరద నష్టం ఇస్తారు. స్టూడెంట్లు డబ్బు ఆదా అని లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే ఇచ్చేది) ఒక్కటే తీసుకుంటారు. తుపాను గల్ఫ్‌లోకి వచ్చాక మార్చుకుందామంటే కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

సరుకుల విషయంలో మనవాళ్లు బియ్యం మూట కొని నిశ్చింతగా ఉంటారు. ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే ఆ బియ్యం ఏం చేసుకుంటారు? వండక్కర్లేనివి పెట్టుకోండి: అటుకులు, మరమరాలు, జంతికలు, సున్నుండలు, బ్రెడ్డు, పీనట్ బటర్, కందిపొడి, ఆవకాయ. తుపాను ముందురోజు పులిహోర కలిపి, చపాతీలు చేసుకోండి. గ్రైండ్ చేసిన దోసెల పిండి ముందే ఖర్చు పెట్టేయండి, రెండో రోజుకి దాని వాసన భరించలేరు. తాగునీళ్లు మనిషికి రోజుకో గ్యాలన్ (సుమారు నాలుగు లీటర్లు) లెక్క. బాత్‌టబ్ నింపి పెట్టుకోండి, టాయిలెట్‌లో పోయడానికి పనికొస్తాయి. క్యాంప్ స్టవ్వు, బార్బెక్యూ, జనరేటర్ ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రతి తుపాను తర్వాతా ఇలా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

ఫ్రీజర్‌లో చిన్న గిన్నెడు నీళ్లు గడ్డకట్టించి పైన ఒక క్వార్టర్ నాణెం పెట్టండి. మీరు ఊరెళ్లి వచ్చేసరికి నాణెం గిన్నె అడుగున ఉంటే, మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అందులోవన్నీ చెత్తబుట్టకే.

పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-20 లాంటి వీసా కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జిప్‌లాక్ కవర్లో పెట్టి, ఆ బ్యాగు తలుపు పక్కన ఉంచండి. అన్నిటికీ ఫొటోలు తీసి ఇండియాలో ఉన్నవాళ్లకు కూడా పంపండి. ఫోన్‌తో ఇల్లంతా తిరిగి వీడియో తీయండి, అల్మారాలు తెరిచి మరీ. క్లెయిమ్ వేళకు అదే సాక్ష్యం.

ఇక కాచుకుని కూర్చోవడం. టెన్షన్ అంతా ఇక్కడే. అర్ధరాత్రి ఫోన్లన్నీ హెచ్చరికతో ఒక్కసారి కీచుమంటాయి, పిల్లలు లేచి ఏడుస్తారు, వాట్సాప్‌లో డ్యాము తెగిందని ఎవరో పెడతారు. హరికేన్ సెంటర్ వాళ్ల బులెటిన్ తెల్లవారుజామున నాలుగింటికి, పొద్దున పదింటికి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి, రాత్రి పదింటికి వస్తుంది. అవి చూస్తే చాలు. మీ దగ్గరి బాయూలో (ఇక్కడ వాగును అలాగే అంటారు) నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో హారిస్ కౌంటీ వెబ్‌సైట్‌లో గేజ్‌లు చూపిస్తాయి, గూగుల్‌లో వెతకడం కంటే అది నయం. వీధిలో నీళ్లు నిలబడ్డాయని హడలిపోకండి, ఇక్కడి వీధులను వాన నీళ్లు కాసేపు పట్టి ఉంచేలాగే కట్టారు. కానీ ఆ నీళ్లలోకి కారు దించొద్దు. అడుగు నీళ్లు చాలు చిన్న కారు తేలడానికి, రాత్రిపూట అండర్‌పాస్‌లో ఎంత లోతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్లు ఇంట్లోకి వచ్చి పైకి పెరుగుతుంటే కిటికీ లేని అటకలోకి మాత్రం ఎక్కకండి, బయటపడే దారుండదు.

షెల్టర్‌కు వెళ్తే వీసా అడుగుతారేమోనని కొందరికి భయం. అడగరు, నిశ్చింతగా వెళ్లండి.

వాన ఆగాక కూడా రెండు రోజులు ఓపిక పట్టాలి. హార్వీ సమయంలో హ్యూస్టన్‌కు పడమటనున్న ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లలో నీళ్లు వేగంగా పెరిగి, ఆదివారం అర్ధరాత్రి దాటాక నీళ్లు వదలడం మొదలుపెట్టారు. కేటీ వైపు ఇళ్లు రిజర్వాయరు వెనక్కి తన్నిన నీళ్లతో మునిగితే, బఫెలో బాయూ పక్క ఇళ్లు వదిలిన నీళ్లతో మునిగాయి. కొన్ని వీధుల్లో ఎండ వచ్చాక నీళ్లు పెరిగాయి. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగుతో పాటు రిజర్వాయరు ఎటువైపుందో కూడా అడగండి.

చివరగా ఫెమా, అంటే విపత్తుల్లో సాయం చేసే ఫెడరల్ సంస్థ. నగదు సాయానికి ప్రధానంగా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థుల్లాంటి కొందరు అర్హులు. ఉద్యోగానికి హెచ్-1బి, చదువుకు ఎఫ్-1 వీసాల మీద వచ్చినవాళ్లకు రాదు. అయితే ఇక్కడ పుట్టి సోషల్ సెక్యూరిటీ నంబరున్న పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్ల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక వదిలేస్తారు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ ఉంటే ముందు ఆ క్లెయిమ్ వేయాలి. తడిసిన సోఫా, కార్పెట్ వీధిలో పడేసే ముందు ఫొటోలు తీసుకోండి, ఫ్రిజ్, టీవీల సీరియల్ నంబర్లు కనిపించేలా.