హార్డ్ డిస్క్ మాగ్నెట్ ఉప్పునీళ్ల అక్వేరియంలో వేయొచ్చా?

ప్రశ్న: సర్, మా ఇంట్లో మూడడుగుల ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. అద్దం మందం 8 మి.మీ. రెండు క్లౌన్ చేపలు, రొయ్యలు, నత్తలు, కొన్ని పగడాల ముక్కలు ఉన్నాయి. అద్దం తుడిచే మాగ్నెట్, పగడాలు పెట్టే చిన్న అర సొంతంగా చేద్దామని పాత హార్డ్ డిస్కులు విప్పి మాగ్నెట్లు తీశాను. స్టీలులా తళతళలాడుతున్నాయి. నేరుగా నీళ్లలో వేయొచ్చా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: వద్దు. ఆ తళతళే మోసం. హార్డ్ డిస్కులో ఉండేది నియోడిమియం మాగ్నెట్. పేరు నియోడిమియం అయినా బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఇనుమే. మెరిసేదంతా పైన వేసిన నికెల్ పూత. ఇలాంటి మాగ్నెట్లలో చాలావాటికి ఆ నికెల్ కింద రాగి పొర కూడా ఉంటుంది. అన్నీ కలిపినా ఆ పూత మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే గొప్ప. పైగా మీరు దాన్ని ఇనప ప్లేటు నుంచి స్క్రూడ్రైవర్‌తో పెకలించే ఉంటారు. ఫోన్ కెమెరా జూమ్ చేసి అంచులు చూడండి. ఎక్కడైనా మెరుపు పోయి బూడిదరంగు కనిపిస్తే అక్కడ తోలు లేచినట్టే.

కళింగపట్నంలో సముద్రానికి దగ్గరున్న ఇళ్ల కిటికీ ఊచలు చూసే ఉంటారు. రంగు ఒక్కచోట లేస్తే చాలు, ఇనుము లోపల్నుంచి పొరలు పొరలుగా ఉబ్బుతుంది. ఉప్పుగాలికే అలా అయితే, ఉప్పునీళ్లలో నానేదాని సంగతి చెప్పాలా? తెలిసీ నేనూ ఒకసారి బద్ధకించి అలాగే వేశాను. ఇరవై రోజులు ఏమీ కాలేదు. తర్వాత ఒక మూల ఆవగింజంత గోధుమరంగు చుక్క వచ్చింది. వేలితో రుద్దితే నికెల్ ఉల్లిపొరలా లేచి, లోపలి నల్లపొడి చేతికి అంటింది.

కాస్త తుప్పుకే చేపలు చచ్చిపోవు. అసలు భయం రాగితోనే. చేపలకు కొన్ని రోగాలొస్తే రాగినే మందుగా వేస్తారు గానీ, రొయ్యలకు, నత్తలకు, పగడాలకు అది విషం. ట్యాంకులోని సున్నపురాళ్లు దాన్ని పీల్చుకుని, తర్వాత మెల్లగా వదులుతాయి కూడా. నీళ్లు మార్చినంత మాత్రాన పీడ వదలదు.

పగడాలు పెట్టే అరకైతే ఫెర్రైట్ మాగ్నెట్ చూడండి. పాత స్పీకర్ వెనకుండే నల్లటి చక్రం అదే. అది పుట్టడమే ఐరన్ ఆక్సైడ్‌తో, కాబట్టి కొత్తగా పట్టే తుప్పు లేదు. దానికి అతికించిన ఇనప ప్లేట్లు మాత్రం పూర్తిగా తీసేయాలి. జాగ్రత్త, పెంకులా పెట్లిపోతుంది. బలం నియోడిమియంలో పదోవంతే, అందుకని పెద్దసైజు కావాలి.

అద్దం తుడవడానికి ఆ బలం చాలదు. అక్కడ నియోడిమియమే వాడండి, కానీ పెట్టెలో బిగించి. నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మి.మీ. అక్రిలిక్ ముక్కలు దొరుకుతాయి. చిన్న డబ్బీలా అతికించి, మాగ్నెట్ పెట్టి, ఖాళీ లేకుండా, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు పోసి మూసేయండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా, ఒక రోజంతా ఆరే రకం తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నేరుగా మాగ్నెట్ మీద పూయొద్దు, ఆ ఆమ్లమే లోహాన్ని తింటుంది. నెయిల్ పాలిష్, హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) లాంటివి నమ్మొద్దు. అద్దానికి బయటవైపు ఉండే జత మాగ్నెట్‌కీ ఒక పూత వేయండి, ఉప్పు తుంపర అక్కడికీ చేరుతుంది.

ట్యాంకులో వేసేముందు గాజు సీసాలో లీటరు నీళ్లకు 35 గ్రాముల మన నౌపడ ఉప్పు కలిపి, డబ్బీని నెలరోజులు ముంచి ఉంచండి. అడుగున గోధుమరంగు మరక కనిపిస్తే దాన్ని పక్కన పడేయండి. ఈ ఉప్పు పరీక్షకే, ట్యాంకుకు కాదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే విడి మాగ్నెట్లు ఎత్తుగా దాచండి. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో ఇరికించి చిల్లులు పొడుస్తాయి. మింగారని అనుమానం వచ్చినా చాలు, బయటికి వస్తుందిలే అని ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ప్రశ్న: అక్వేరియం మాగ్నెట్ పక్కన ఫోన్ పెడితే ఫొటోలు పోతాయా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పోవు. ఫోన్ మెమరీకి మాగ్నెట్‌తో ఇబ్బంది లేదు. దిక్సూచి మాత్రం తికమక పడి, మ్యాప్‌లో మీరు తూర్పుకు నడుస్తుంటే పడమర చూపించొచ్చు. ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే సర్దుకుంటుంది. నల్లగీత ఉన్న ఏటీఎం కార్డు మాత్రం దూరంగా పెట్టండి. ఇంట్లో పేస్‌మేకర్ పెట్టుకున్న పెద్దవాళ్లుంటే అద్దం తుడిచే పని వాళ్లకు అప్పగించకండి.