ఫ్రెండ్లీ మ్యాచ్ ఆటలో అరటిపండా?

తమ్ముడూ,

ఏ కప్పు కోసమూ కాకుండా మన దేశం ఆడిన ఫ్రెండ్లీ ఫుట్‌బాల్ మ్యాచ్ మీద నీ వ్యాసం అందింది. ఒకసారి గబగబా చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఆ గీతలు చూసి కంగారు పడకు. నచ్చిన వాక్యాల కిందా గీశాను, నచ్చని వాటి కిందా గీశాను. ఏవి ఏవో నువ్వే పోల్చుకోగలవు.

ముందు కోపం తెప్పించిన సంగతి చెప్పేస్తాను. నాలుగు పేజీల్లో మూడుచోట్ల "ఎంతైనా ఫ్రెండ్లీయే కదా" అన్నావు. మొదటి పేజీలో పాఠకుడిని మన్నించమని అడుగుతున్నట్టు అన్నావు. రెండో పేజీలో మన డిఫెండర్ చేసిన తప్పును కప్పిపుచ్చడానికి అన్నావు. చివర్లో 1-1 డ్రా అయినందుకు నిన్ను నువ్వు ఓదార్చుకోవడానికి అన్నావు. పిల్లల ఆటల్లో మరీ చిన్నవాడిని అరటిపండు అని చేర్చుకుంటారు చూడు. వాడూ పరిగెడతాడు, వాడూ అరుస్తాడు, అవుటైనా ఎవరూ పట్టించుకోరు. ఫ్రెండ్లీని నువ్వు అలా ఆటలో అరటిపండును చేసేశావు. అంత లెక్కలేనిదైతే తొంభై నిమిషాలు కదలకుండా ఎందుకు చూశావు? చూసినవాడివి ఊరుకోక నాలుగు పేజీలు ఎందుకు రాశావు? జవాబు నీ ఐదో పేరాలో ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అసలు దేశాల మధ్య ఫుట్‌బాల్ మొదలైందే ఫ్రెండ్లీతో. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో ఒక క్రికెట్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడాయి. కప్పు లేదు, పాయింట్లు లేవు, ర్యాంకింగ్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. అయినా నాలుగు వేలమంది వచ్చి చూశారు. స్కాట్లాండ్ పదకొండుమందీ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్ వాళ్ళు, ఒకరి ఆట ఒకరికి కొట్టిన పిండి. ఇంగ్లండ్ ఎనిమిది మందిని ముందుకు తోసి ఆడింది. అయినా ఒక్క గోల్ పడలేదు, 0-0. ఆ రోజు నువ్వక్కడ ఉండి ఉంటే "చప్పటి డ్రా" అని హెడ్డింగ్ పెట్టేవాడివేమో అని నా అనుమానం.

స్కోరుతో మొదలుపెట్టే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్తాను. వార్త రాసేవాడికి అది తప్పదు. అభిమానిగా రాసేవాడికి ఆ బలవంతం లేదు. 1995 సెప్టెంబర్ 6న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్, కొలంబియా ఫ్రెండ్లీ ఆడాయి. అది కూడా 0-0 అని ఇవాళ ఎంతమందికి గుర్తుంటుంది? ఇంగ్లండ్ ఆటగాడు జేమీ రెడ్‌నాప్ కొట్టిన బంతి గాల్లో తేలుతూ గోల్ మీదికి వచ్చింది. చేతులతో పట్టుకుంటే సరిపోయే బంతి. కొలంబియా గోల్‌కీపర్ హిగీటా ముందుకు ఎగిరి, గాల్లో బోర్లా పడుతూనే, వెనక్కి మడిచిన రెండు మడమలతో తల మీదుగా దాన్ని బయటికి తన్నేశాడు. తేలు కొండి ఎత్తినట్టు. స్కార్పియన్ కిక్ అన్న పేరు అందుకే. ఫ్రెండ్లీ కాబట్టి చేశాడు, ప్రపంచకప్‌లో అయితే చేసేవాడా అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. కానీ 1990 ప్రపంచకప్ నాకౌట్ మ్యాచ్‌లో ఇదే హిగీటా గోల్ వదిలి ముందుకొచ్చి, బంతితో ఆటలాడబోయి దాన్ని కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా కాళ్ళకు అప్పజెప్పాడు. కొలంబియా ఇంటిదారి పట్టింది. ఆ మనిషి తీరే అంత. తీరు మారలేదు, వెంబ్లీలో మాత్రం దానికి మూల్యం చెల్లించాల్సిన పని లేకపోయింది. ఫ్రెండ్లీలో నువ్వు వెతకాల్సింది అదే. గెలుపు భయం పక్కన పెట్టినప్పుడు ఎవరు ఎలా ఆడతారో చూడు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ ఒకటి. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక ఫ్రెండ్లీ గురించి ఒక పత్రికకు రాశాను. హాఫ్ టైమ్‌లో కోచ్ నలుగురిని మార్చాడు. నేనేమో తల వంచుకుని మొదటి సగం మీద అందమైన వాక్యాలు అల్లుకుంటున్నాను. ఆట మళ్ళీ మొదలైంది. ఎడమవైపు నుంచి ఒకడు దూసుకొచ్చి క్రాస్ కొట్టాడు, గోల్ పడింది. ఆ పరుగు మీద ఏకంగా ఒక పేరా రాశాను. గాలి అన్నాను, జింక అన్నాను. అచ్చయిన వారానికి ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. "అయ్యా, మీ జింక ఆ టైముకి మోకాలికి ఐస్ కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది" అని ఒక్కటే వాక్యం. పరిగెత్తినవాడు వేరే కుర్రాడు. వాడి పేరు నా వ్యాసంలో ఎక్కడా లేదు. పాతికేళ్ళు దాటినా ఆ ఉత్తరం ఇంకా దాచుకున్నాను.

అప్పటినుంచి ఫ్రెండ్లీ చూసేటప్పుడు ఒక కాగితాన్ని నిలువుగా మడిచి పక్కన పెట్టుకుంటాను. ఎన్నో నిమిషంలో ఏ నంబర్ బయటికి వెళ్ళింది, ఏ నంబర్ లోపలికి వచ్చింది, ఎవరు ఏ స్థానానికి జరిగారు, అంతే రాసుకుంటాను. ఫ్రెండ్లీల్లో అరగంట మిగిలి ఉందనగా మార్పుల బోర్డు మొదలైతే ఇక ఆగదు. నువ్వు "రెండో సగంలో మన జట్టు చేతులెత్తేసింది" అని రాశావు. ఏ జట్టు, తమ్ముడూ? 70వ నిమిషానికి మొదట దిగిన వాళ్ళలో ఆరుగురే మైదానంలో ఉన్నారని నువ్వే మూడో పేజీలో రాశావు. 2003 ఫిబ్రవరి 12న లండన్‌లో ఆస్ట్రేలియాతో ఆడుతూ ఇంగ్లండ్ కోచ్ ఎరిక్సన్ హాఫ్ టైమ్‌లో పదకొండుమందినీ మార్చేశాడు. మొదటి పదకొండుమంది 0-2తో వెనకబడి లోపలికి వెళ్ళారు. తర్వాత వచ్చిన పదకొండుమంది తమ సగాన్ని 1-1తో ముగించారు. ఇంగ్లండ్ 3-1తో ఓడిందని పేపర్లు రాశాయి, అది నిజమే. కానీ ఆ రాత్రి రెండు ఇంగ్లండ్లు ఆడాయి. రెండోదాంట్లో 17 ఏళ్ళ వేన్ రూనీ తొలిసారి దేశం తరఫున దిగాడు. ఇలాంటి మూకుమ్మడి మార్పులు శ్రుతి మించడంతో 2004లో ఫ్రెండ్లీల్లో మార్పులకు ఆరు అని హద్దు పెట్టారు.

కోచ్‌ని "బుర్ర లేని మనిషి" అన్నావు. అను, అభిమానికి ఆ హక్కు ఉంది. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చి వెనక ఎడమవైపు కాపలా కాసే లెఫ్ట్ బ్యాక్‌లో ఎందుకు పెట్టాడో ఒక్క వాక్యం రాసి ఆ తర్వాత తిట్టు. వచ్చే క్వాలిఫయర్‌కి, అంటే అర్హత మ్యాచ్‌కి, అసలు లెఫ్ట్ బ్యాక్ ఉండడని తెలిసి పరీక్షించాడా, ఊరికే చేశాడా? ఫ్రెండ్లీ కోచ్‌కి ప్రయోగశాల. అందులో ఏదో ఒకటి పగలడం మామూలే. ఏం కలిపితే పగిలిందో రాస్తేనే నీ తిట్టుకు బరువు.

ఎదుటి జట్టు నీ వ్యాసంలో కనబడనే లేదు. "ప్రత్యర్థులు" అని మూడుసార్లు వచ్చింది, వాళ్ళలో ఒక్కడి పేరూ లేదు. 1953 నవంబర్ 25న వెంబ్లీకి హంగరీ వచ్చినప్పుడు ఇంగ్లండ్ అభిమానుల ధోరణీ అదే. యూరప్ ఖండం నుంచి వచ్చిన ఏ జట్టూ అప్పటికి ఇంగ్లండ్‌ను ఇంగ్లండ్‌లో ఓడించలేదు. హంగరీలో 9వ నంబర్ వేసుకున్న హిదెగ్‌కుటి గోల్ ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌కి జారుకుంటూ ఉంటే, అతన్ని కాపలా కాయాల్సిన హ్యారీ జాన్‌స్టన్‌కు వెంట వెళ్ళాలో ఆగిపోవాలో పాలుపోలేదు. మొదటి నిమిషంలోనే గోల్. ఆ హిదెగ్‌కుటి మూడు కొట్టాడు. హంగరీ ఆటగాడు పుష్కాష్ అయితే బంతిని కాలి అడుగుతో వెనక్కి లాగగానే ఇంగ్లండ్ కెప్టెన్ బిల్లీ రైట్ లేని బంతి మీదికి జారుకుంటూ వెళ్ళిపోయాడు. పుష్కాష్ తీరిగ్గా గోల్ కొట్టాడు. 6-3. ఆరు నెలల తర్వాత బుడాపెస్ట్‌లో ఇంకో ఫ్రెండ్లీ, 7-1. రెండింటికీ కప్పు లేదు, కానీ ఇంగ్లండ్ తన ఆట గురించి అనుకుంటున్నదంతా ఆ రెండు మ్యాచ్‌లతో మళ్ళీ మొదటికి వచ్చింది. మనకు గోల్ కొట్టినవాడి పేరు రాయడానికి నామోషీ ఎందుకు? వాడు మన డిఫెండర్ భుజం వెనక ఎంతసేపు కాచుకుని నిలబడ్డాడో నువ్వు చూసే ఉంటావు.

ఇక, ఫ్రెండ్లీలో "పోయేదేం లేదు" అని నువ్వు రాసిన మాట. అది లెక్కప్రకారం కూడా తప్పు. 2018 ఆగస్టు నుంచి ఫిఫా ర్యాంకింగ్ పద్ధతి మారింది. ప్రతి మ్యాచ్‌కీ ఒక బరువు ఉంటుంది. ఫిఫా విండో, అంటే దేశాల మ్యాచ్‌ల కోసం ఫిఫా కేటాయించిన రోజులు, వాటి బయట ఆడిన ఫ్రెండ్లీకి 5, విండోలో ఆడినదానికి 10, ప్రపంచకప్ క్వాలిఫయర్‌కు 25, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ నుంచి 60. తక్కువే, సున్నా మాత్రం కాదు. మనకంటే 200 పాయింట్లు వెనకున్న జట్టుతో విండోలో డ్రా చేసుకుంటే దాదాపు 1.8 పాయింట్లు మన ఖాతాలోంచి వాళ్ళ ఖాతాలోకి వెళ్తాయి. సొంతగడ్డ మీద ఆడామా, బయట ఆడామా అన్నది ఆ సూత్రం చూడదు. పాత పద్ధతిలో ఇంకా విచిత్రం. ఫ్రెండ్లీ ఆడితే చాలాసార్లు పాయింట్ల సగటు పడిపోయేది. అందుకే 2018 ప్రపంచకప్‌లో ఎవరు ఏ గ్రూపులో ఆడాలో చీటీలు తీసి తేల్చేముందు పోలండ్ చాలాకాలం ఫ్రెండ్లీల జోలికే పోలేదు. అలా పై ర్యాంకుల జట్లకు కేటాయించే మొదటి సీడింగ్ వరసలో చోటు దక్కించుకుంది. ఆడకుండా ఉండటమే వ్యూహమైంది! ఇదంతా నీ వ్యాసంలో కుక్కమని కాదు. నువ్వు పెట్టిన బాల్ పొసెషన్ శాతం, పాసుల సంఖ్య, కార్నర్ల సంఖ్య అన్నీ తీసేసి వాటి స్థానంలో ఇలాంటి అంకె ఒక్కటి పెట్టు చాలు.

నాకు బాగా నచ్చినదొకటి ఉంది, నువ్వు కావాలని చేసినట్టు లేదు. మనం గోల్ కొట్టేదాకా "మనం" అని రాశావు. మనం పాస్ ఇచ్చాం, మనం కార్నర్ సంపాదించాం, మనం గోల్ కొట్టాం. 63వ నిమిషంలో గోల్ ఇచ్చేయగానే "మనం" మాయమై "వీళ్ళు" వచ్చింది. వీళ్ళకి మార్కింగ్ రాదు, వీళ్ళకి ఊపిరి చాలదు. రెండు నిమిషాల తేడాలో జట్టుని ఇంట్లోంచి గెంటేశావు. నా పెన్సిల్ అక్కడ ఆగి నవ్వింది. దాన్ని దిద్దకు. అభిమాని గుండె ఉండేది ఆ సర్వనామంలోనే. వీలైతే ఇంకొంచెం కనబడనివ్వు. చివరి పది నిమిషాల్లో కార్నర్ వచ్చినప్పుడు నీకు తెలియకుండానే మళ్ళీ "మనకి కార్నర్" అన్నావు. చూసుకో.

ఇప్పుడు ఐదో పేరా. 78వ నిమిషంలో 23వ నంబర్ కుర్రాడు తొలిసారి దేశం జెర్సీలో దిగబోతూ టచ్‌లైన్ దగ్గర నిలబడ్డాడు. "నాలుగో రెఫరీ వాడి బూట్ల అడుగు చూశాడు. వాడు ముడి బాగానే ఉన్న లేసుని విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. బంతి ఎంతకీ బయటికి పోలేదు. వాడు రెండో బూటు లేసు కూడా విప్పాడు" అని రాశావు. దాని కింద మూడు గీతలు గీశాను. అక్కడ నువ్వు ఎవరినీ పొగడలేదు, తిట్టలేదు, జింక అనలేదు. నీ కళ్ళు చూసింది చెప్పావు. ఆ ఒక్క నిమిషం చాలు, ఇది ఎలాంటి మ్యాచో చెప్పడానికి. మైదానంలో ఉన్న ఇరవై ఇద్దరిలో సగంమందికి అది సీజన్ మధ్యలో వచ్చిపడ్డ చాకిరీ. దెబ్బ తగలకుండా క్లబ్‌కి తిరిగి వెళ్తే చాలనుకునేవాళ్ళు. ఆ కుర్రాడికి మాత్రం అది జీవితంలో ఇంకోసారి రాని సాయంత్రం. ఇద్దరూ ఒకే బంతి వెనక పరిగెత్తారు. ఫ్రెండ్లీలో తప్ప ఇంకెక్కడా ఈ విడ్డూరం ఇంత స్పష్టంగా కనబడదు.

ఇంత మంచిదాన్ని తీసుకెళ్ళి ఐదో పేరాలో, పాసుల లెక్కకీ కోచ్ మీద తిట్లకీ మధ్య ఇరికించావు. తీసి మొట్టమొదట పెట్టు. అక్కణ్ణించి వెనక్కి వెళ్ళు. ఎవరి స్థానంలో దిగాడు, బయటికొచ్చినవాడు చేయి కలిపాడా, తల నిమిరాడా, ముఖం తిప్పుకుని నేరుగా బెంచీ మీదికి పోయాడా? స్కోరు ఎక్కడో దారిలో తగులుతుంది, దాని కోసం చోటు వెతకనక్కర్లేదు. "ఫ్రెండ్లీయే కదా" మూడుచోట్లా కొట్టెయ్. నాలుగు పేజీలు రెండున్నర అవుతాయి, బెంగపడకు.

ఒక్క సంగతి మాత్రం నీ వ్యాసంలో ఎంత వెతికినా దొరకలేదు. లేసులు కట్టుకుని లోపలికి పరిగెత్తాక ఆ 23వ నంబర్ కాలికి బంతి మొదటిసారి తగలడానికి ఎంతసేపు పట్టింది? తగిలాక దాన్ని ముందుకు తీసుకెళ్ళాడా, భయపడి వెనక్కి ఇచ్చేశాడా? నువ్వు చూసే ఉంటావు. తిరగరాసేలోపు అదొక్కటి నాకు రాసి పంపు.

ఇట్లు,
అన్నయ్య