చిన్న ప్రచురణ సంస్థ ఈబుక్కులు అమ్మాలంటే ధర ఎంత పెట్టాలి? అచ్చు పుస్తకంతోపాటే తేవాలా, ఆగాలా?

విజయవాడలో ఓ చిన్న ప్రచురణ సంస్థ పనులు చాలా ఏళ్లు చూశాను. మీరడిగిన ఈ రెండు ప్రశ్నల మీదే మేమూ నెలల తరబడి కొట్టుకున్నాం. తీరా దిగాక అసలు చిక్కు వేరేచోట ఉందని తెలిసింది.

మా పాత పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో (అచ్చుకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), అనూ ఫాంట్లలో కంపోజ్ చేసినవి. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే అంతా పిచ్చి గీతలే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాం. కొన్నిచోట్ల ఒత్తులు ఊడిపోయాయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి తగులుకున్నాయి. పైగా ఆఖరి ప్రూఫు దిద్దిన ఫైలు డీటీపీ చేసినాయన దగ్గరే ఉండిపోయింది, మా దగ్గరున్నది అంతకుముందుది! రెండొందల పేజీల కథల పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచి ప్రూఫు చూడాల్సొచ్చింది. పీడీఎఫ్ పెట్టేస్తే పోదా అంటారేమో. పెట్టాం, తిట్లు తిన్నాం. ఫోన్లో ప్రతి పంక్తికీ పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ ఎవరు చదువుతారు? ఈపబ్ చేయించండి, అందులో అక్షరాలు తెర సైజుకు తగ్గట్టు సర్దుకుంటాయి.

తర్వాత హక్కులు. పాత ఒప్పందాల్లో (అసలంటూ ఉంటే) ఈబుక్కు మాటే ఉండదు. కాలపరిమితి రాయకపోతే చట్టం లెక్కలో అది ఐదేళ్లే. ఒప్పందంనాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని పేరుపెట్టి రాసుకోకపోతే ఆ హక్కు రాదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాత కాగితాలకు అది వర్తిస్తుందా లేదా అని వాదించుకునే బదులు, రచయితను అడిగి ఒక పేజీ రాయించుకోండి. ఆయన ఉండగానే. మేం ఒక పుస్తకానికి ముగ్గురు వారసుల సంతకాల కోసం ఏడాది తిరిగాం.

ధర అచ్చు పుస్తకంలో సగం పెట్టాం, బాగానే నడిచింది. జీఎస్టీ మర్చిపోకండి. కాగితం పుస్తకానికి లేదు, ఈబుక్కుకి ఉంది. అచ్చులోనూ ఉన్న పుస్తకమైతే 2018 జులైలో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు.

ఆగొద్దు, రెండూ ఒకేరోజు తెండి. మా ఈబుక్కులు ఎక్కువగా కొన్నది అమెరికాలో ఉన్నవాళ్లు. అక్కడికి పంపాలంటే పోస్టేజీయే పుస్తకం ధరను మించిపోతుంది. జనవరిలో మా ఊరి పుస్తక మహోత్సవంలో స్టాలు దగ్గరికొచ్చే మనుషులు వేరు, వాళ్లేమీ తగ్గలేదు.

పైరసీ అంటారా? మా పుస్తకమొకటి ఈబుక్కు రాకముందే స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా టెలిగ్రామ్‌లో తిరిగింది.